గాలివాలు చోటు

మల్లీశ్వరిని ముసలితనంలో చూసినవాళ్లెవరూ ఆవిడకు ఏమైనా తెలుసని అనుకునేవాళ్లు కాదు. వాన వచ్చేలా ఉందా అని అడిగితే "నాకు తెలియదమ్మా" అనేది. మాచర్ల బండి పోయిందా అంటే తెలియదనేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని కోడలు అడిగినా, నోట్లో ముద్ద పెట్టుకుని కూడా, "నాకేం తెలుసు, వాణ్ణడుగు" అని కొడుకును చూపించేది. వీధిలో పిల్లకాయలు ఆవిడకు తెలియదమ్మ అని పేరు పెట్టారు. పెద్దవాళ్లు విని నవ్వారే గాని ఒక్కరూ ఆ పిల్లల చెవి మెలేయలేదు.

మా నాయనమ్మ రోశమ్మ ముందు మాత్రం ఆ పేరు ఎత్తితే అయిపోయేది. "నోరు ముయ్యరా! ఒకప్పుడు ఈ పేటలో మల్లికి తెలిసినంత ఏ ఆడదానికి తెలుసు?" అని మీదికి వచ్చేది. మరి ఆ తెలివంతా ఎటు పోయింది నాయనమ్మా అని అడిగితే, చేట ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టేది. ఆవిడ సగం చెప్పి సగం మింగిన సంగతిని ఏళ్ల తరబడి పొడిచి పొడిచి బయటికి లాగాను. లాగాక తెలిసింది ఎందుకు మింగిందో. ఈ కథలో తల దించుకోవాల్సింది మల్లీశ్వరి ఒక్కతే కాదు.

అవి యుద్ధం రోజులు. జపానువాళ్లు బర్మా పట్టుకున్నారు, అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. కిరసనాయిలు కోసం నరసరావుపేటలో జనం సీసాలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఆ పేటలోనే ఒక సావుకారు మిరపకాయల గోడౌనులో మల్లీశ్వరి, మా నాయనమ్మ, లింగమ్మ, హజ్రా బీ, ఈ నలుగురు ఆడవాళ్లు తాలు ఏరే పని చేసేవాళ్లు. కల్లాల్లో ఎండి బస్తాల్లో వచ్చిన కాయను కుప్ప పోస్తారు. ఎర్రటి కాయ ఒక గంపలో, రంగు తేలిపోయిన తాలుకాయ ఒక గంపలో వేయాలి. చెప్పడానికి ఎంత తేలికో, చేయడానికి అంత నరకం. కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది, చేతులకు ఎంత ఆముదం పూసుకున్నా మంట దిగదు. చంటిపిల్లల తల్లులు ఇంటికి పోయి బిడ్డను ముట్టుకోవడానికి భయపడేవాళ్లు.

ఆ గోడౌనుకు ముందొక వాకిలి, వెనకొక వాకిలి. ముందు వాకిట్లోంచి వచ్చిన గాలి కుప్ప మీదుగా పోయి, మిరప ధూళినంతా మోసుకుని వెనక వాకిట్లోంచి బయటపడేది. కుప్పకు ముందువైపు కూర్చుంటే ఎంతోకొంత ఊపిరాడుతుంది. వెనకవైపు కూర్చున్న మనిషి పని మాత్రం అంతే సంగతులు. దాన్ని గాలివాలు చోటు అనేవాళ్లు. నలుగురు చుట్టూ కూర్చోవాలంటే ఒకరు అక్కడ కూర్చోక తప్పదు. నిన్న నేను కూర్చున్నా, ఇవాళ నువ్వు కూర్చో అని మొదట్లో రోజూ జుట్లు పట్టుకునేదాకా వచ్చేదట. ఆ తగువు తెగక పుట్టింది ప్రశ్నల ఆట.

ఆట పెద్ద గొప్పదేం కాదు. వంతుల ప్రకారం ఒకరు తమకు ఇష్టమైన మనిషిని ఒక ప్రశ్న అడుగుతారు. చెబితే సరే. "తెలవదు" అన్నా, తప్పు చెప్పి దొరికినా ఆ మనిషి లేచి గాలివాలు చోటికి పోవాలి, అక్కడున్న మనిషి ఇవతలికి రావాలి. మళ్లీ ఇంకెవరో తెలవదు అనేదాకా అంతే.

"నిద్రపోయినా కళ్లు ముయ్యనిదేంది లింగమ్మా?" అని హజ్రా బీ అడిగేది.

"చేప. ఇది చిన్నపిల్లల ప్రశ్న."

"రోశమ్మా, పల్నాటి వీరులు కొట్టుకుంది యాడ?"

"కారంపూడి. అది తెలవనోళ్లు ఈ గడ్డ మీద ఉంటారా?"

"సరే లింగమ్మక్కా, భూమి గుండ్రంగా ఉంటదా, పలకలాగ ఉంటదా?" అని మల్లీశ్వరి అడిగేది.

"గుండ్రంగా ఉంటే కిందుండే వాళ్లు జారిపోరంటే? పలకే."

"గుండ్రమే. లే, లే."

"అబద్ధం! ఎవురు చెప్పారు నీకు?"

"బళ్లో చెప్పారు. నమ్మకపోతే పోయి స్టేషన్ మాస్టర్ని అడుగు."

లింగమ్మ తిట్టుకుంటూ గంప ఎత్తుకుని గాలివాలుకు పోయేది. అక్కడ కూర్చుని తుమ్ముతూ కూడా "గుండ్రమంట గుండ్రం" అని గొణిగేది. మిగతావాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వులు విని సావుకారు గుమాస్తా తొంగి చూసి, కాయ తగ్గుతోందా పెరుగుతోందా అని కసిరి పోయేవాడు.

నలుగురిలో మల్లీశ్వరే చిన్నది. ముప్పై కూడా నిండలేదు. లింగమ్మను అక్కా అని పిలిచేది. అయినా ఆటలో ఆవిడే పెద్ద, ఎందుకంటే ఐదో తరగతి దాకా చదివింది. ఈ పిల్లను మానిపించకండి, టీచరవుతుంది అని బడిలో చెప్పారట. తండ్రి విన్నాడు, సరేనన్నాడు, ఆ ఏడే పెళ్లి చేశాడు. మొగుడు నరసయ్య నూనె మిల్లులో పనివాడు. చెడ్డవాడు కాదు గాని ఎగతాళి మనిషి. "చదువుకున్నదానివి గదా, ఈ చెంబు తోము" అనేవాడు. అత్తగారింట్లో ఆ ఐదు తరగతుల చదువు ఎందుకూ కొరగాకుండా పోయింది. గోడౌనులో మాత్రం దానికి విలువ ఉంది. ముందు వాకిలి పక్కన, గాలి తగిలేచోట, ఆవిడ పీట కదలకుండా ఉండేది.

కదలకుండా ఎట్లా ఉంటుంది? ఐదో తరగతి పాఠాలు ఎన్నాళ్లు వస్తాయి? ఒకరోజు హజ్రా బీ, ఒంటె ఎన్నాళ్లు నీళ్లు తాగకుండా ఉంటుందని అడిగింది. మల్లీశ్వరికి తెలియదు. "మండలం" అనేసింది. రెప్ప వేయకుండా అంది. అందరూ అబ్బో అన్నారు, ఆట ముందుకు పోయింది. తడుముకోకుండా చెప్పిన జవాబును ఎవరూ తిరిగి అడగరని ఆవిడకు ఆ రోజు తెలిసింది. ఆ తరువాత ఎన్ని కట్టి చెప్పిందో ఆవిడకే లెక్కలేదు. సముద్రం నీళ్లు ఎందుకు ఉప్పన, ఇంగ్లండులో పొద్దు ఏ వైపు పొడుస్తుంది, అన్నిటికీ జవాబే. ఒంటె విషయంలో అబద్ధమాడితే ఒంటెకు వచ్చే నష్టం ఏముంది? ఆట ఆటే కదా అని ఆవిడా అనుకుంది, నేనైనా అదే అనుకునేవాణ్ణి.

లింగమ్మకు ఇద్దరు కొడుకులు, ఈశ్వరయ్య, చిన్నప్ప. భర్త నాపరాళ్ల గనిలో రాయి మీద పడి పోయాడు. పెద్దవాడు ఈశ్వరయ్య అదే గనిలో రాయి కొట్టేవాడు. యుద్ధం వచ్చి రైలు పెట్టెలన్నీ దండుకే పోవడంతో రాయి ఎత్తే దిక్కు లేక గని మూతపడింది. ఆ సమయంలో ఒక మేస్త్రీ ఊళ్లోకి దిగాడు. అస్సాంలో సర్కారు రోడ్లు వేస్తోంది, రాయి కొట్టేవాళ్లు కావాలి, తుపాకీ పట్టే పనికాదు, మూడు పూటలా తిండి, ఇంటికి నెలనెలా మనియార్డరు అని చెప్పాడు. ఈశ్వరయ్య ఎగిరి గంతేశాడు. కానీ తల్లి సరేననకుండా గడప దాటే పిల్లవాడు కాదు. లింగమ్మ మూడు రోజులు ఏమీ తేల్చలేదు. మొగుణ్ణి రాయి మింగింది, కొడుకును యుద్ధం మింగకూడదని ఆవిడ బాధ.

నాలుగో రోజు గోడౌనులో వంతు లింగమ్మకు వచ్చింది. మాఘమాసం, గాలి విసురుగా ఉంది. గాలివాలులో హజ్రా బీ ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది.

"మల్లీ, నీకే. అస్సామంటే యాడుంది? అక్కడ యుద్ధం ఉందా, లేదా?"

"ఇదేం ప్రశ్నే? ఆటలో అడిగేదేనా?" అంది రోశమ్మ.

"నా వంతు, నా ఇష్టం. మావోణ్ణి పంపాలా వద్దా అనేది తేలాల. మేస్త్రీ మాట నీటిమూట. మల్లి చెప్తే చెప్పినట్టే."

మల్లీశ్వరికి అస్సాం ఎక్కడుందో తెలియదు. ఆ మాటను ఒకే ఒక్కచోట చూసింది. ఎప్పుడో గుంటూరు ఆస్పత్రికి పోయినప్పుడు పేట రైలు స్టేషన్లో టీ తాగమని చెప్పే రేకు బోర్డు ఒకటి కనబడింది. పచ్చటి కొండ, కొండ మీద తోట, చెవులకు కమ్మలు పెట్టుకుని వీపుకు బుట్ట తగిలించుకున్న ఆడమనిషి ఆకు కోస్తూ నవ్వుతుంటుంది. కింద అస్సాం అని రాసి ఉంది. అంతే ఆవిడకు తెలిసింది.

ఆవిడ ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ఆ ఒక్క క్షణంలోనే హజ్రా బీ సగం లేచి, "రా మల్లీ రా, నీ కోసం నేల వెచ్చజేసి పెట్టా" అని నవ్వుతూ చేత్తో చోటు తట్టింది. రోశమ్మ కూడా నవ్వింది. మల్లీశ్వరి ఏనాడూ కదలని మనిషి కదా, కదిలితే చూడాలని అందరికీ సరదా.

"అస్సాం తెలవకపోవడమేంది?" అంది మల్లీశ్వరి. "కాశీ దాటగానే వస్తది. చల్లటి కొండలు, అన్నీ టీ ఆకు తోటలే. ఆడోళ్లు కమ్మలు పెట్టుకుని, బుట్టలు తగిలించుకుని ఆకు కోస్తుంటారు. మనం మిరపకాయలు ఏరినట్టే. ఆడోళ్లు పని చేసుకునే చోట యుద్ధం ఎందుకుంటదక్కా?"

లింగమ్మ చేతిలో కాయ అట్లాగే పట్టుకుని ఆలోచించింది.

"కాశీ దాటితేనా? అయితే గంగ నీళ్లు తెస్తాడే."

"ఎందుకు తేడు?"

"ఒట్టు?"

"ఆటలో ఒట్లేందక్కా?" అని మల్లీశ్వరి గంపలోకి వంగింది.

"అరె, దీనికిది కూడా తెలుసా!" అని హజ్రా బీ మళ్లీ గాలివాలులో చతికిలబడింది. అందరికంటే ఎక్కువ నవ్వింది లింగమ్మ. మూడు రోజుల బరువు దిగిపోయిన నవ్వు అది అని మా నాయనమ్మ చెప్పింది. ఆ వారంలోనే ఈశ్వరయ్య ప్రయాణమయ్యాడు. నలుగురూ పని మానుకుని స్టేషన్‌కు పోయారు. ఆ కుర్రాడు తల్లి కాళ్లకు మొక్కి, తరువాత మల్లీశ్వరి కాళ్లకు వంగాడు. "నువ్వు చెప్పబట్టి అమ్మ ఒప్పుకుంది పిన్నీ. నీకు టీ ఆకు తెస్తాలే" అన్నాడు. మల్లీశ్వరి నవ్వి, జాగ్రత్త నాయనా అంది. అప్పటికి ఆవిడకు సిగ్గు అనిపించలేదు. టీ బోర్డు ఆ స్టేషన్ గోడకే ఉంది, అదే ఆడమనిషి అదే నవ్వు నవ్వుతోంది. తనకు తెలిసినదే చెప్పాననుకుంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎండలు ముదిరాయి. లింగమ్మ గురజాలలో చుట్టాల పెళ్లికి పోయింది. ఆ రోజు మిగతా ముగ్గురూ గోడౌను నీడలో సద్ది మూటలు విప్పారు. హజ్రా బీ మొగుడు అలీ సాహెబ్ స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఎక్కినవాళ్లు పేపరు చదివి చెప్పుకునే మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు.

"జపానోళ్లు అస్సాంలోకి దిగారంట. కొండల మీద బాంబులు కురుస్తన్నాయంట. సర్కారోళ్లు వేసిన రోడ్ల కోసమే..." అని హజ్రా బీ చెబుతూ చెబుతూ ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు. "యా అల్లా" అంది.

ఇద్దరూ మల్లీశ్వరి వైపు చూశారు.

"ఏ అస్సాం?" అంది మల్లీశ్వరి.

"ఎన్ని అస్సాములుంటాయే?" అంది మా నాయనమ్మ.

మల్లీశ్వరి ముద్ద కలుపుతూనే ఉంది, తినలేదు. కాసేపటికి, స్టేషన్లో బొమ్మ చూసి చెప్పానని ఒప్పుకుంది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో. ముగ్గురూ కలిసి ఒక మాట అనుకున్నారు, లింగమ్మకు చెప్పొద్దని. ఆ మాట ముందు ఎవరన్నారని అడిగితే మా నాయనమ్మ హజ్రా బీ పేరు చెప్పింది. హజ్రా బీ బతికుండి ఉంటే మా నాయనమ్మ పేరు చెప్పేదని నా అనుమానం. చెప్పి చేసేదేముంది, పోయిన పిల్లవాణ్ణి వెనక్కి తెస్తామా, ఆ తల్లి గుండె ఇప్పుడే ఎందుకు పగలాలి, ఇట్లాంటి కారణాలు చాలా దొరికాయి వాళ్లకు. అసలు కారణం నాకు తెలుసు. చెప్పాలంటే లింగమ్మ మొహంలోకి చూడాలి, ఆ ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు.

లింగమ్మ పెళ్లినుంచి అరిసెలు మూట కట్టుకొచ్చింది. తలా ఒకటి పంచి, మల్లీశ్వరికి రెండు పెట్టింది. "మావోణ్ణి మంచి చోటికి పంపిచ్చావే. పెళ్లిలో అందరికీ చెప్పా, నా చెల్లెలు చదువుకున్నదని" అంది. మల్లీశ్వరి ఆ అరిసెలు కొంగున ముడి వేసుకుంది. ఇంటికి పోయేదారిలో ఎవరిదో గేదె నోటికి పెట్టింది. ఆ పెట్టడం ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుందట, దొంగతనం చేసినదానిలాగ.

అక్కడినుంచి ఆ గోడౌనులో ముగ్గురూ తేలు కుట్టిన దొంగలే. ఆట ఆడకపోతే లింగమ్మకు అనుమానం వస్తుందని ఆడేవాళ్లు. ప్రశ్నలు మాత్రం ఇంటి చుట్టూ తిరిగేవి, పొయ్యి, పశువు, పండగ. దేశాల జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు. లింగమ్మే పోయేది. "అస్సాంలో ఇప్పుడు ఆకు కోస్తుంటారా మల్లీ? అక్కడోళ్లు జొన్నన్నం తింటారా, వరన్నమా?" అని అడిగేది. అది ఆట కోసం కాదు, కొడుకున్న ఊరి గురించి మాట్లాడుకోవడం ఆవిడకు ముచ్చట. మల్లీశ్వరి ఆ, ఊ అంటూ వరన్నమేననేది. అన్న ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి. మిరపకాయల మధ్య ఎవరి మొహమైనా ఎర్రగానే ఉంటుంది గనుక లింగమ్మ గమనించలేదు.

ఒకరోజు మల్లీశ్వరి స్టేషన్‌కు పోయి ఆ బోర్డు ముందు నిలబడింది. ఆ ఆడమనిషి నవ్వుతూనే ఉంది. ఈసారి మల్లీశ్వరి ఆవిణ్ణి చూడలేదు, వెనకున్న కొండను చూసింది. కొండకు అవతల ఏముందో బొమ్మ వేసినవాడికి మాత్రం ఏం తెలుసు? పక్కనే బెంచీ మీద ఎవరో పేపరు చదువుతుంటే అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే లింగమ్మకు చెప్పాలి. అడగకుండానే వచ్చేసింది.

మొదట్లో వచ్చిన మనియార్డరు తరువాత రాలేదు. ఉత్తరం లేదు. వైశాఖంలో మేస్త్రీ మళ్లీ వచ్చాడు. ఇంకా మనుషులు కావాలట. ఈసారి చిన్నప్ప పోతానన్నాడు. అన్న దగ్గరే పని ఇప్పిస్తానని మేస్త్రీ చెప్పాడు.

బండి మధ్యాహ్నానికి. ఆ పొద్దున లింగమ్మ గోడౌనుకు ఆలస్యంగా వచ్చింది. లోపలికి రాకుండా ముందు వాకిట్లోనే నిలబడింది. చేతిలో మడత పెట్టిన గొంగడి ఉంది.

"మల్లీ, చిన్నోడు కూడా పోతన్నాడే. మేస్త్రీ స్టేషన్లో ఉన్నాడు. పెద్దోడి కబురు లేదు గదా, ఇద్దరూ ఒకచోట ఉంటే నాకూ నిశ్చింత. అక్కడ ఇప్పుడు చలేనా? ఇది ఇచ్చి పంపనా, వద్దా? మోయలేనని వాడు గునుస్తన్నాడు."

అంతే అడిగింది. యుద్ధం గురించి అడగలేదు. అది ఎప్పుడో తేలిపోయిన సంగతి కదా ఆవిడకు. ఇవ్వు అనో వద్దు అనో ఒక్క మాట చెబితే లింగమ్మ తిరిగి వెళ్లిపోయేది, చిన్నప్ప రైలెక్కేవాడు. రోశమ్మ, హజ్రా బీ తాలు ఏరుతూ కూర్చున్నారు. ఇద్దరూ నోరు తెరవలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా మా నాయనమ్మ మీద కోపం వస్తోంది నాకు.

"నాకు తెలవదక్కా" అంది మల్లీశ్వరి.

లింగమ్మ పకపకా నవ్వింది. "ఓయమ్మో! మల్లి నోట తెలవదనే మాటా! అయితే లేచి గాలివాలుకు పో."

"అప్పుడూ తెలవదక్కా. అస్సాం యాడుందో నాకు తెలవనే తెలవదు. టేషన్లో టీ బొమ్మ చూసి చెప్పా. అక్కడ యుద్ధం జరుగుతంది. జపానోళ్లు దిగి నెలయింది. చిన్నోణ్ణి పంపమాక."

నవ్వు లింగమ్మ మొహం మీద కాసేపు అట్లాగే ఉండిపోయింది. తరువాత మిగతా ఇద్దరి వైపు తిరిగింది. "మీకు తెలుసా?" అంది. వాళ్లు తలలు వంచుకున్నారు. చేతులు మాత్రం తాలు ఏరుతూనే ఉన్నాయి. అంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదురా అని మా నాయనమ్మ ఈ ముక్క దగ్గర కళ్లు తుడుచుకునేది.

"మరెందుకు చెప్పావే?" అంది లింగమ్మ. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"తెలవదంటే అక్కడ కూర్చోవాల గదక్కా" అంది మల్లీశ్వరి, కుప్ప వెనక్కి చెయ్యి చూపించి.

లింగమ్మ ఆ చోటు వైపు చూసింది. మల్లీశ్వరిని చూసింది. గొంగడి అక్కడే జారవిడిచి స్టేషన్ వైపు పరుగెత్తింది. పెట్టె ఎక్కిన చిన్నప్పను చొక్కా పట్టుకుని దింపిందట. వాడు గింజుకున్నాడు, మేస్త్రీ బూతులు తిట్టాడు, ఆవిడ చెయ్యి వదల్లేదు. చిన్నప్ప ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు, కౌలు సేద్యం చేసుకునేవాడు. ఆయన్ను నేనూ చూశాను.

ఈశ్వరయ్య మాత్రం ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. చచ్చాడని కాగితం రాలేదు, బతికాడని కార్డు రాలేదు. మేస్త్రీ మళ్లీ ఆ ఊళ్లో కాలు పెట్టలేదు.

మరుసటేడు కాయ వచ్చింది. కడుపు కోసం నలుగురూ మళ్లీ అదే గోడౌనుకు చేరారు. లింగమ్మ పోయిన వేసవి నుంచి ముగ్గురితోనూ మాట్లాడలేదు. ఆట ఊసే లేదు. ఎవరూ చెప్పకుండానే మల్లీశ్వరి మొదటి రోజే గంప తీసుకుని గాలివాలు చోట్లో కూర్చుంది. రోజంతా దగ్గేది, లేచేది కాదు. ఎవరైనా మారతామన్నా ఒప్పుకునేది కాదు. అక్కడ కూర్చుంటే కొంచెం తేలికగా ఉండేదేమో. ఇట్లా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున లింగమ్మ నోరు విప్పింది.

"నా వంతు" అంది.

ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

"రోశమ్మా, నా ఈశ్వరుడు యాడున్నాడు?"

 "తెలవదు లింగమ్మా" అంది మా నాయనమ్మ.

"హజ్రా?"

"తెలవదు."

"మల్లీ, నువ్వు చెప్పు."

మల్లీశ్వరి తల ఎత్తలేదు. "తెలవదక్కా" అంది. ఆ మాట వినబడీ వినబడనట్టు అంది.

"నాకూ తెలవదు" అంది లింగమ్మ. గంప చంకన పెట్టుకుని లేచి, కుప్ప చుట్టూ తిరిగి వచ్చి మల్లీశ్వరి ముందు నిలబడింది. "లే" అంది.

"నన్ను ఇక్కడే ఉండనీ అక్కా."

"లే. ఇది నా చోటు. ఇక్కడ కూర్చున్నోళ్లను కళ్లెందుకు కారుతున్నాయని ఎవురూ అడగరు. నువ్వు ముందు వాకిలి కాడికి పో. ఆడ గాలి బాగుంటది."

మల్లీశ్వరి ఇంకోసారి బతిమాలబోయింది. లింగమ్మ ఆమె గంపను తనే ఎత్తి, తీసుకుపోయి ముందు వాకిలి పక్కన, పాత పీట ముందు పెట్టి వచ్చింది. తరువాత గాలివాలులో కూర్చుని, మొహానికి గుడ్డ కూడా కట్టుకోకుండా తాలు ఏరడం మొదలుపెట్టింది. ఆ కాపు అయ్యేదాకా మల్లీశ్వరి రోజూ ఆ చల్లటి గాలిలోనే కూర్చుంది. ఒక్కనాడైనా తల ఎత్తి ఎదురుగా చూడలేదు.